జీఐ పైపులతో కసిం కాదు: ఒక ఫ్లెక్స్ డిజైనర్ కలంకారి డైరీ

జనవరి 6

షాపు ఓనరుతో మాట్లాడేశాను. ఇక నుంచి సోమవారం నుంచి గురువారం దాకానే వస్తాను, శుక్ర, శని, ఆదివారాలు రాను. జీతం 17,000 నుంచి 10,000కి దిగింది. ఆయన కోప్పడలేదు. "పెళ్లిళ్ల సీజన్లో మాత్రం హ్యాండివ్వొద్దప్పా" అన్నాడంతే.

పదకొండేళ్లుగా తిరుపతిలో ఫ్లెక్స్ డిజైనర్ని. నాయకుల పుట్టినరోజులు, వోణీల ఫంక్షన్లు, శ్రద్ధాంజలి బ్యానర్లు. ముఖాలు తెల్లగా చేయడం, మెడలో బంగారం మెరిపించడం, పక్కన నిలబడాల్సిన ఇరవై మంది చిన్న నాయకుల్ని హోదా ప్రకారం పేర్చడం. మా నాయన బోర్డు ఆర్టిస్టు. రేకు మీద ఎనామిల్ పెయింటుతో షాపుల పేర్లు రాసేవాడు. ఫ్లెక్స్ మిషన్లు వచ్చి ఆ పని పోయింది, కొన్నాళ్లకు నేను ఆ మిషన్ దగ్గరే పనికి కుదిరాను. ఈ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తం.

నేర్చుకోవడానికి కలంకారే, అంటే వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు గీసి రంగులు వేసే పనే, ఎందుకని మా ఆవిడ అడిగింది. ఆ పనికి పేరున్న శ్రీకాళహస్తి బస్సులో గంట దూరం, అందుకని చెప్పాను. పూర్తి నిజం కాదు గానీ అబద్ధమూ కాదు. తిరుపతిలోనే టీటీడీ శిల్ప కళాశాలలో కోర్సు ఉంది, కానీ నా వయసుకీ నా టైముకీ అది కుదిరే పని కాదు.

జనవరి 9

నేర్పించడానికి ఒప్పుకున్నావిడని అందరూ అక్కా అనే పిలుస్తారు, నేనూ అంతే. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నా ఫోన్లో డిజైన్లు చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఒక వెదురు పుల్ల, ఒక కత్తి చేతిలో పెట్టింది. ముందు కలం చేసుకోవాలట.

జానెడు వెదురు పుల్ల కొసని సన్నగా చెక్కాలి. కొసకి అంగుళం పైన ఉన్ని గుడ్డ చుట్టి, దాని మీద నూలు దారం బిగించాలి. కలాన్ని రంగులో ముంచితే ఆ ఉన్ని పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే కొసకి దిగుతుంది. ఎంత నొక్కితే ఎంత దిగుతుందన్నదే మొత్తం విద్య అని నాకు ఇవాళ అర్థం కాలేదు, మూడు వారాల తర్వాత అర్థమైంది. (ఈ ఒక్క వాక్యం జనవరి 30న చేర్చాను.) సాయంత్రానికి ఐదు కలాలు చెక్కాను. అక్క నాలుగు విరిచేసింది.

ఫిబ్రవరి 1

గీతలు. గీతల పక్కన గీతలు. తర్వాత చుక్కల వరస, ఆ తర్వాత బార్డరు మెలికలు. బొమ్మ జోలికి పోనివ్వలేదు. కాగితం మీద చేప ఆకారం కళ్లు ఒక నోట్‌బుక్ నిండా గీశాను. మౌస్‌తో పదకొండేళ్లు పని చేసిన చేతికి అన్నిటికన్నా ముందు పోవాల్సిన అలవాటు "కంట్రోల్ జెడ్". తప్పు గీయగానే ఎడమ చెయ్యి దానంతటదే కదులుతోంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 14

మొదటిసారి గుడ్డ తయారు చేశాను. గాడా, అంటే ముతక నూలు గుడ్డ తెచ్చి, గంజి పోయేదాకా రాత్రంతా నానబెట్టి, ఉతికి ఆరేశాను. మరునాడు లీటరు చిక్కటి గేదెపాలలో వంద గ్రాముల కరక్కాయ పొడి కలిపి (ఇది అక్క కొలత, ఇంకో ఇంట్లో ఇంకో కొలత ఉంటుంది) గుడ్డ ముంచి, సమానంగా పిండి ఎండలో పరిచాను. కరక్కాయలో ఉన్న వగరే నల్లరంగుని పట్టుకుంటుంది. పాలలో కొవ్వు రంగుని పక్కలకి పాకనివ్వదు. ఆవుపాలతో చెయ్యకూడదా అని అడిగితే, చేసి చూడమంది. చేశాను. గీత అంచు దూదిలా విచ్చుకుంది.

1742లో ఒక ఫ్రెంచి పాదరీ, కోర్దూ అని, కోరమాండల్ తీరంలో అద్దకం ఎలా చేస్తారో ఊరికి ఉత్తరం రాశాడు. అందులోనూ కరక్కాయే, గేదెపాలే. మాకు కింద పోర్షన్లో ఉన్నావిడకి చరిత్రతో పని లేదు, మేడ మీద పాల వాసన మీద పని. వాసన మూడు రోజులుంటుందని చెప్పాను. వారం ఉంది.

ఫిబ్రవరి 20

కసిం కుండ పెట్టాను. నల్లరంగు అంటే ఇక్కడ కసిం. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి గుడ్డ కట్టి, మూడు వారాలు పులియబెట్టాలి. ఇనుము కొనడం ఎందుకని షాపులో పడి ఉన్న ఫ్లెక్స్ ఫ్రేముల పైపు ముక్కలు రెండు కిలోలు తెచ్చి వేశాను. ఖర్చు తగ్గించానని లెక్కల పుస్తకంలో గొప్పగా రాసుకున్నాను కూడా.

మార్చి 13

ఇరవై ఒకటో రోజు. కుండ విప్పితే పులిసిన బెల్లం వాసన బాగానే ఉంది. కరక్కాయ గుడ్డ మీద ఒక చుక్క వేశాను. నల్లబడాలి. పల్చటి టీ మరకలా నిలబడింది. సీసాలో పోసుకుని కాళహస్తి తీసుకెళ్లాను. అక్క చూసి, ఇనుము ఎక్కడిదని అడిగింది. చెప్పాను. లోపల్నుంచి ఇంకో ఇద్దర్ని పిలిచి మళ్లీ చెప్పించింది.

ఫ్లెక్స్ ఫ్రేములు జీఐ, అంటే గాల్వనైజ్డ్ ఐరన్ పైపులు. తుప్పు పట్టకుండా వాటికి జింకు పూత ఉంటుంది. ఆ పూత వేసేదే ఇనుము బయటికి రాకుండా. ఇనుము నీళ్లలోకి దిగకపోతే కరక్కాయ వగరుతో కలిసి నలుపయ్యేదేముంది? శ్రీకాళహస్తి కలంకారికీ జీఐ గుర్తింపు ఉంది, అది వేరే జీఐ, ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు. అక్క వాళ్లబ్బాయి ఈ జోకు ఇంకా వదల్లేదు.

రాత్రి అన్నం తింటూ చెప్తే నాయన ఏమీ అనలేదు. పొద్దున లేచేసరికి మేడ మెట్ల కింద నుంచి ఆయన పాత బోర్డు ఫ్రేము ఒకటి లాగి, సుత్తితో ముక్కలు చేసి పెట్టాడు. యాంగిల్ ఇనుము, చేత్తో రాస్తే పొడి రాలేంత తుప్పు. రేకు మీద "...టైలర్స్" అని సగం అక్షరాలు ఇంకా ఉన్నాయి. రేకు మాత్రం ఇవ్వలేదు.

ఏప్రిల్ 5

కసిం పండింది. కుండలో చూస్తే మురికి నీళ్ల రంగే. గుడ్డ మీద పడగానే నల్లగా, కాటుకలా. నేను పది నిమిషాలు ఊరికే గీతలు గీస్తూ కూర్చున్నాను.

ఒక హెచ్చరిక మాత్రం రాసుకోవాలి: కసిం మరీ ఘాటైతే గుడ్డని తినేస్తుంది. అక్క ఇంట్లో వాళ్ల మామగారి కాలం నాటి గుడ్డ ఒకటుంది, రంగులన్నీ బాగున్నాయి, నల్ల గీతలున్న చోట్ల మాత్రం చిల్లులు. అందుకని కొంచెం నీళ్లు కలిపి, ముక్క మీద పరీక్ష చేసి, అప్పుడు మొదలుపెట్టాలి.

ఏప్రిల్ 26

మొదటి బొమ్మ: సాలెపురుగు, పాము, ఏనుగు, మధ్యలో శివలింగం. శ్రీ, కాళ, హస్తి. ఈ ఊళ్లో పని నేర్చుకునేవాడికి ఇంతకన్నా దగ్గరి కథ ఏముంది. రెండడుగులు, మూడడుగులు. చింత పుల్లల బొగ్గుతో గీసుకుని, కసింతో కట్టాను. గీత బాగానే వచ్చింది. ఏనుగు తొండం దగ్గర అక్క ఒక్క క్షణం ఆగి, ముందుకు పోయింది. ఆవిడ దగ్గర అంతకన్నా మెచ్చుకోలు ఉండదు.

ఎరుపు దగ్గర దెబ్బతిన్నాను. ఎరుపు నేరుగా వెయ్యం. ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఆరనిచ్చి, ఎక్కువైన పటిక పోయేలా ఉతికి, మంజిష్ఠ వేసిన నీళ్లలో ఉడకబెడితే, పటిక ఉన్న చోటే ఎరుపు పడుతుంది. ఉతకడానికి పారే నీళ్లు కావాలి. నేను మేడ మీద ప్లాస్టిక్ టబ్బులో జాడించాను. ఊడిన పటిక ఎటూ పోలేక ఆ నీళ్లలోనే తిరిగి గుడ్డంతా అంటుకుంది. డేగిసాలోంచి తీసేసరికి ఏనుగు, పాము, ఆకాశం, లింగం అన్నీ లేత గులాబీ. వోణీల ఫంక్షన్ ఫ్లెక్స్ లాగే ఉందని మా ఆవిడ అంది. గొర్రె పెంటికలు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నాలుగు రోజులు నీళ్లు చల్లుతూ ఎండలో వేస్తే కొంత తేలింది. పూర్తిగా పోలేదు. ఆ గుడ్డ ఇప్పుడు మా ఫ్రిజ్ మీద కవరు.

మే 18

స్వర్ణముఖిలో నీళ్లు లేవు, ఇసుకే. ఈ నది సంగతి ఇంతే: ఎండ ఉన్నప్పుడు నీళ్లుండవు, కార్తీకం వానలకి నీళ్లొస్తే ఎండ ఉండదు. కాళహస్తిలో చాలామంది ఇప్పుడు బోరు నీళ్లతో తొట్లలోనే ఉతుకుతున్నారు, ఒక వైపు నుంచి నీళ్లు వచ్చి ఇంకో వైపు పోయేలా. అక్క తొట్టి దగ్గర వంతు కోసం పొద్దున ఐదున్నర బస్సు ఎక్కుతున్నాను.

రెండో బొమ్మ, అదే డిజైను. ఈసారి ఎరుపు ఎర్రగానే వచ్చింది. పసుపుకి కరక పువ్వు, పటిక. నీలం అక్క దగ్గర ఉన్నదే వాడాను, నీలి తొట్టి సొంతంగా పెట్టే ధైర్యం ఇంకా లేదు. నీలం మీద పసుపు వేస్తే పచ్చ.

జూన్ 10

అమ్మడం మొదలైంది, అంటే అమ్మలేకపోవడం మొదలైంది.

తిరుపతిలో ఒక పెద్ద షాపుకి వెళ్లాను. 1,200 ఇస్తామన్నారు, అదీ అమ్ముడుపోయాక. గోడకి అప్పటికే ఒక "కలంకారి" ఉంది, 700. దగ్గరికెళ్లి చూశాను. స్క్రీన్ ప్రింటు. పెద్ద కష్టం కాదు కనిపెట్టడం: నాలుగు నెమళ్లలో నాలుగో దాని కన్ను కూడా మొదటి దాని లాగే కొంచెం చెదిరి ఉంది. చేత్తో గీసేవాడు ఒకే తప్పు నాలుగుసార్లు అచ్చంగా చెయ్యలేడు. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది. మచిలీపట్నం పక్కన పెడనలో చేసేది చెక్క అచ్చులతో, అది వేరే సంగతి, ఆ పనికి ఆ పేరు ఎప్పటినుంచో ఉంది, ఆ అచ్చులు చెక్కడం ఒక పెద్ద విద్య. ఇది ఆ జాతి కాదు.

కోపం వచ్చింది. బస్సులో కూర్చున్నాక నవ్వొచ్చింది. నాయన పని పోగొట్టిన మిషన్ దగ్గర పదకొండేళ్లు జీతం తీసుకున్నవాణ్ణి నేను. ఒకప్పుడు మన అద్దకం బట్టల దెబ్బకి వాళ్ల నేతగాళ్లు గోల పెడితే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో ఈ బట్టలే నిషేధించాయి. నేనెవర్ని నిషేధించాలి, మా షాపు ఓనర్నా?

జూన్ 14

ధర ఎలా కట్టాలని అక్కని అడిగాను.

"మేస్త్రీకి రోజుకెంత ఇస్తున్నారు మీ ఊళ్లో?"

"తొమ్మిది వందలు."

"నీ చెయ్యి తాపీ కన్నా తక్కువా?"

లెక్కేశాను. ఎండబెట్టడాలు, నానబెట్టడాలు తీసేస్తే పదకొండు రోజుల పని. పదకొండు తొమ్మిదులు 9,900, సరుకు 640. మొత్తం 10,540. నా మొదటి అమ్మకపు బొమ్మకి ఈ ధర చెప్తే కొనేవాడు ఉండడు, ఉండకూడదు కూడా. అక్క అదే మాట వేరేగా చెప్పింది. ఆ బొమ్మ ఆవిడైతే నాలుగు రోజుల్లో చేస్తుంది. "నాలుగు రోజుల కూలి కట్టు తమ్ముడూ. మిగతా ఏడు రోజులు నువ్వు నేర్చుకున్నందుకు ఫీజు. అది కొనేవాడి నెత్తిన వెయ్యకు."

4,200 అని చీటీ రాసి అంటించాను.

జూలై

రాయడానికేమీ లేదు. ఆషాఢమైనా షాపులో పని తగ్గలేదు. రెండు దుపట్టాలు చేశాను. ఒకటి ఉడకబెట్టేటప్పుడు డేగిసా అడుగున అంటుకుని మరక పడింది. కర్రతో తిప్పుతూనే ఉండాలి, ఫోన్ వస్తే ఎత్తకూడదు.

ఆగస్టు 19

హైదరాబాదులో ఒక మేళాలో నాలుగు రోజులు. స్టాలు పూర్తిగా తీసుకునే స్తోమత లేక ఒక చేనేత అన్న స్టాల్లో సగం పంచుకున్నాను, నా వంతు 3,000. దారి ఖర్చులు, బస 3,900.

మొదటి రోజు ఒక్కటీ పోలేదు. వచ్చినవాళ్లు చూశారు, మెచ్చుకున్నారు, ఫోటో తీసుకున్నారు, "ఆన్‌లైన్లో దుపట్టా ఆరు వందలకే ఉందండీ" అని సమాచారం ఇచ్చి వెళ్లారు. రెండో రోజు మాట్లాడటం మానేసి, కింద కూర్చుని గీయడం మొదలుపెట్టాను. ఒక చిన్న సీసాలో కసిం, ఒక కరక్కాయ గుడ్డ ముక్క. నీళ్ల లాంటి ద్రవం గుడ్డని తాకి నల్లబడటం చూడగానే పిల్లలు ఆగారు, పిల్లలు ఆగితే తల్లులు ఆగారు. ఆ రోజు నుంచి అమ్మకం కదిలింది. మూడు బొమ్మలు, ఒక దుపట్టా, చిన్న ముక్కలు చాలా.

గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకున్న ఒక పెద్దావిడ, "పాల వాసన వస్తోందే" అంది. లోపం కనిపెట్టినట్టు అంది. అదే అసలుకి గుర్తు అని చెప్తే, ఉతికి ఇవ్వమంది. ఉతికి పంపుతానని అడ్రసు తీసుకున్నాను. కింద పోర్షన్ ఆవిడ గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 21

మేళాలో కలిసిన ఒకావిడ చెల్లెలు తిరుపతిలో అపార్ట్‌మెంట్లో ఉంటుందట. వాళ్ల క్లబ్ హౌస్‌లో పిల్లలకి క్లాసు పెట్టమన్నారు. పన్నెండు మంది, మనిషికి 500. గుడ్డలు ముందే కరక్కాయ పాలు పట్టించి తీసుకెళ్లాను. మూడు గంటల్లో 6,000. రెండు వారాలు కూర్చుని చేసిన బొమ్మకి అందులో సగం కూడా మిగల్లేదు.

సంతోషమే, కానీ కొంచెం గుచ్చుకుంది. అక్కతో అంటే ఆవిడకి ఇదేమీ వింత కాదు. 1950ల్లో హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఈ ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టబట్టే ఈ పని ఇక్కడ నిలబడిందని, ఆ నేర్పించడం లేకపోతే 2008లో కలంకారి కళాకారుడు గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చే వరకు ఎవరు మిగిలేవారని అడిగింది. ఆవిడ నా దగ్గర నెలకి తీసుకునేది 1,500. ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

అన్నట్టు, హస్తకళాకారులకి ప్రభుత్వం ఇచ్చే పెహచాన్ (గుర్తింపు) కార్డుకి అప్లికేషన్ పెట్టాను. వృత్తి అన్న చోట కలంకారి అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది. మా ఆవిడ పక్కనుంచి, "రాయి, రాయి" అంది.

అక్టోబర్ 31

పది నెలల లెక్క. అక్క ఫీజు ఇందులో కలపలేదు, దానికి మా ఆవిడ స్కూలు జీతంలోంచి పోయింది, ఆవిడ లెక్క వేరే.

ఖర్చు: గుడ్డ, పాలు, రంగు సరుకులు 14,300. బస్సు 15,600. రాగి డేగిసా, పాతదే, 4,500. హైదరాబాదు 6,900. మొత్తం 41,300.

రాబడి: తొమ్మిది బొమ్మలు 27,400. మూడు దుపట్టాలు 8,400. చిన్న ముక్కలు 6,150. పిల్లల క్లాసులు ఐదు, 28,500. మొత్తం 70,450.

మిగిలింది 29,150. జీతంలో పోగొట్టుకున్నది 70,000. అంటే నలభై వేల పైచిలుకు తక్కువ. రంగు సరుకుల కన్నా బస్సుకే ఎక్కువ పెట్టాను, ఇది రాసుకునేదాకా తెలియలేదు. వచ్చే నెల నుంచి కాళహస్తి వారానికి రెండు రోజులే.

నవంబర్ 8

మొదటి పెద్ద ఆర్డరు. పెళ్లి కానుక, సీతారాముల కల్యాణం, మూడడుగులు, నాలుగడుగులు, 7,500. కాళహస్తి పనిలో బొమ్మల కింద తెలుగులో కథ రాయడం పాత అలవాటు. అలా కింద పెళ్లికొడుకు, పెళ్లికూతురి పేర్లు రాసివ్వగలరా అని అడిగారు. రాస్తానన్నాను. నా దస్తూరి గురించి ఎవరైనా ఫ్లెక్స్ షాపులో అడగండి, అక్కడ ఫాంట్లే రాస్తాయి.

నాయన మేడ మీదికొచ్చాడు. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కి ఏడాదైంది. "గీతలే కదా" అని కలం తీసుకుని పాత గుడ్డ మీద శ్రీ రాశాడు. మొత్తం అలికేసింది. బ్రష్షుకి ఒత్తిడి కొసలో ఉంటుంది, దీనికి వేళ్లలో. ఆయన ఏమీ అనకుండా కూర్చుని, ఎడం చేతి కింద స్కేలు ఒకటి ఆనించుకుని, సాయంత్రం దాకా సున్నాలు గీశాడు. మన అక్షరాలన్నీ సున్నాలే కాబట్టి. చీకటిపడే వేళకి "శ్రీరస్తు శుభమస్తు" రాశాడు. తలకట్లన్నీ ఒక్క కొలత. నేను జనవరి నుంచి గీస్తున్నాను.

నవంబర్ 15

మూడు రోజులుగా ముసురు. బొమ్మ గీత పూర్తయింది, పేర్లు రాయాలి, పటికకి ఎండ కావాలి. స్వర్ణముఖిలో నీళ్లు బాగా వచ్చాయని అక్క ఫోన్ చేసింది.

పెళ్లికూతురి పేరు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో పంపారు. శ్రుతి అనా, శృతి అనా? నాయన శ్రుతి అని తేల్చేశాడు, రెండోది తప్పని, ముప్పై ఏళ్లలో ఏ బోర్డు మీదా అలా రాయలేదని. కసిం గీత పడితే చెరగదు, అందుకని నేను శుభలేఖ ఫోటో అడిగాను. శృతి అనే ఉంది. ఫోన్ చేస్తే, "మా ఇంట్లో మొదట్నుంచీ అలానే రాస్తామండీ" అన్నారు.

నాయన కలం కింద పెట్టేశాడు. టీ తాగాడు. కాసేపు వాన చూశాడు. తర్వాత వాళ్లు చెప్పినట్టే రాశాడు, చాలా అందంగా. తప్పు రాయించుకున్నందుకు నూట యాభై ఎక్కువ తీసుకోమన్నాడు. బిల్లులో వెయ్యలేదు.

శుక్రవారం ఎండ కాస్తే పటిక.